పాత కారుకు వేరే ఇంజిన్ వేయవచ్చునా?

వాహన సలహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారు 1991లో కొన్న అంబాసిడర్ నోవా పెట్రోలు కారును నేటికీ వాడుకుంటున్నాము. నెలకు రెండు మూడు సార్లు పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు వెళ్తాము. శివరాత్రికి శ్రీముఖలింగానికి, ఎప్పుడైనా మోహన, తప్తపాణి మీదుగా బరంపురానికి వెళ్లి వస్తాము. ఏడాదిగా కారు నీలం పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది, ఘాట్ రోడ్డులో రెండో గేరులో తప్ప ఎక్కడం లేదు. రీబోర్ (సిలిండర్లను కొట్టించి పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేయడం) చేయించినా ఎక్కువ కాలం నిలవదని, తుక్కుకు వెళ్లిన అంబాసిడర్ 1800 కారు ఇంజిన్ ఐదు గేర్ల బాక్సుతో సహా తన షెడ్డులో ఉన్నదని, దానిని వేయించుకొమ్మని మా మెకానిక్ అంటున్నారు. బంధువులు డీజిల్ ఇంజిన్ వేయించమంటున్నారు. మా కారుకు గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. ఆర్సీ గడువు 2026లో ముగుస్తుంది. ఏమి చేయమంటారు?
(ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

సమాధానం: నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మీ కారులో ఉన్న 1489 సీసీ ఇంజిన్‌నే విప్పించి, పూర్తిగా పని చేయించి, మళ్లీ అదే కారులో కూర్చోబెట్టించడం మేలు. అయితే ఆ పని కూడా ఇప్పుడే అవసరమా, ఎంత మేరకు అవసరం అన్నది ఇంజిన్‌ను పరీక్షించిన తరువాతే తేలాలి. మీ లేఖలో పొగ గురించి, ఆయిల్ గురించి ఉన్నది గాని, ఎవరైనా కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత నొక్కుకుంటున్నదో) చూసినట్లు ఎక్కడా లేదు. కొలత తీయకుండా ఇంజిన్ పోయిందని తేల్చడం, ఆపైన ఏ ఇంజిన్ వేయాలన్న చర్చలోకి దిగడం మన ప్రాంతంలో తరచుగా జరుగుతున్నది. ఎన్నో మంచి ఇంజిన్లు ఈ తొందర వల్లనే తుక్కు కింద పోయాయి.

ముందుగా చేయించవలసిన పరీక్ష చాలా చిన్నది. ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, నాలుగు ప్లగ్గులూ తీసివేసి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కొక్క సిలిండర్‌కు కంప్రెషన్ గేజి పెట్టి స్టార్టర్‌తో తిప్పించాలి. నాలుగు అంకెలనూ కాగితం మీద వ్రాయించుకోండి. అన్నిటికంటె తక్కువగా వచ్చిన అంకె అన్నిటికంటె ఎక్కువగా వచ్చిన దానిలో ముప్పాతిక వంతుకు తగ్గితే ఆ సిలిండర్‌లో లోపం ఉన్నట్లే. అప్పుడు ఆ సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె చెప్పుకోదగినంత పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడో) అరిగినట్లు, ఎందుకంటే పోసిన ఆయిల్ ఆ సందును కాసేపు మూసివేస్తుంది. పెరగకపోతే లోపం వాల్వులలో గాని, హెడ్ గాస్కెట్‌లో (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కు, బ్లాకుకు మధ్యనుండే పొరలో) గాని ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలిపోయిందేమోనని అనుమానించాలి.

పొగను కూడా సమయాన్ని బట్టి చదవవలసి ఉంటుంది. రాత్రంతా నిలిపిన కారును ఉదయం స్టార్టు చేసినప్పుడు ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే, లేదా తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి చాలా దూరం వచ్చి, కింద మళ్లీ తొక్కగానే పొగ వస్తే, వాల్వు గైడ్లు అరిగి ఆయిల్ హెడ్ గుండా లోపలికి దిగుతున్నదని అర్థం. ఎక్కేటప్పుడు, బరువు మీద లాగేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీసి చూస్తే అక్కడి నుంచి కూడా గాలి బుస కొడుతూ ఉంటే రింగులు, బోరు పోయినట్లు. మొదటిదానికి హెడ్ పని చాలు. రెండవదానికి ఇంజిన్ మొత్తం దింపాలి. ఈ రెండు పనుల ఖర్చుకు ఎంత తేడా ఉంటుందో మీ మెకానిక్ గారినే అడగండి. ఇక ఘాట్‌లో లాగకపోవడం ఒక్కటే ఇంజిన్ అరిగిపోయిందనడానికి సాక్ష్యం కాదు. క్లచ్ జారుతున్నా, బ్రేకు పట్టి ఉన్నా, డిస్ట్రిబ్యూటర్‌లో అడ్వాన్సు (వేగాన్ని బట్టి ప్లగ్గు నిప్పురవ్వను ముందుకు జరిపే ఏర్పాటు) పని చేయకపోయినా, కార్బురేటర్ సరిగా లేకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఇప్పుడు 1800 ఇంజిన్ సంగతి. మీ మెకానిక్ గారు చెప్పినది అసాధ్యమైన పని కాదు. హిందుస్థాన్ మోటార్స్ వారే 1990ల తొలి సంవత్సరాలలో ఇదే శరీరంలో 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌ను బిగించి అమ్మారు. మీ నోవాకు కంపెనీ చెప్పిన శక్తి 55 బీహెచ్‌పీ, 1800కు 75. అంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. ఈ మార్పిడి మీద మక్కువ కలగడంలో వింత లేదు. కాని కంపెనీ ఆ ఇంజిన్‌ను వేసినప్పుడు దానితో పాటు గేర్ బాక్సు, మౌంటింగులు, రేడియేటర్, సైలెన్సర్ పైపు, వైరింగు అన్నిటినీ దానికి తగినట్లు అమర్చింది. మీ కారులో గేరు స్టీరింగు పక్కన ఉన్నది కనుక, ఐదు గేర్ల బాక్సు రావాలంటే కింద నేల రేకును కోసి గేరు రాడ్డుకు దారి చేయవలసి ఉంటుంది. బాక్సు పొడవు వేరైతే ప్రొపెల్లర్ షాఫ్టును (గేర్ బాక్సు నుంచి వెనుక చక్రాలకు బలం అందించే రాడ్డును) కోసి, వెల్డింగు చేయించి, బ్యాలెన్సు చేయించాలి. ఈ బ్యాలెన్సు పని ఎక్కడ పడితే అక్కడ సరిగా కాదు, అది సరిగా లేకపోతే వేగం అందుకోగానే కారు అడుగున వణుకు మొదలై, గేర్ బాక్సు వెనుక సీలును, బేరింగును తినివేస్తుంది.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది బ్రేకుల విషయం. మీ నోవాకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అవి 55 బీహెచ్‌పీ కారు వేగానికి, అందులోనూ ముప్పై ఏళ్ల కిందటి రోడ్ల మీది వేగానికి తగినవి. డ్రమ్ము వేడెక్కిన కొద్దీ పట్టు తగ్గుతుంది. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఇంజిన్‌కు బలం పెంచి బ్రేకును అలాగే ఉంచిన కారు మోహన ఘాట్‌లో ఎక్కడం కంటె దిగడంలో ఎక్కువ ప్రమాదం తెస్తుంది. మీరు కుటుంబంతో తిరిగే కారు ఇది. ఇంజిన్ గురించి మాట్లాడిన వారిలో ఎవరూ బ్రేకుల ప్రస్తావన తేలేదని మీ లేఖ చదివితే తెలుస్తున్నది. ఆ ఒక్క కారణం మీదనే నేను ఈ మార్పిడిని వద్దంటాను.

డీజిల్ ఇంజిన్ మాట మరింత సులభంగా తేల్చవచ్చు. ఒకప్పుడు పెట్రోలుకు, డీజిల్‌కు ధరలో పెద్ద తేడా ఉన్న రోజులలో అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు వేయించి టాక్సీలు నడిపినవారు ఆంధ్రలోనూ, మన వైపునా ఎందరో ఉన్నారు. రోజూ తిరిగే బండికి ఆ లెక్క సరిపోయింది. నెలకు రెండు మూడు ప్రయాణాలు చేసే మీకు, ఇంధనం మీద మిగిలేది మార్పిడి ఖర్చును ఎన్నటికీ తీర్చదు. పైగా డీజిల్ ఇంజిన్ బరువు ముందు స్ప్రింగుల మీద, స్టీరింగు మీద పడుతుంది.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్ణయించిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను ఇదే అర్థంలో స్పష్టం చేసింది. ఆర్సీలో ఇంజిన్ నంబరుతో పాటు సీసీ, ఇంధనం కూడా ఉంటాయి. 1489 ఉన్న చోట 1817 అయితే అది నంబరు మార్పుతో పోయే విషయం కాదు. అదే రకం ఇంజిన్‌ను అదే కారుకు వేయడం వేరు. ఆర్టీవో కార్యాలయానికి ముందుగా దరఖాస్తు పెట్టి, అనుమతి తీసుకుని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకునే మార్గం దానికి ఉన్నది. అనుమతి లేని మార్పులకు 2019 సవరణ తరువాత 182ఎ సెక్షన్ కింద ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అంతకంటె పెద్ద నష్టం బీమా వైపు నుంచి వస్తుంది. చెప్పకుండా ఇంజిన్ మార్చిన కారుకు ప్రమాదం జరిగితే పరిహారం నిరాకరించడానికి బీమా కంపెనీకి మీరే కారణం చేతికిచ్చినట్లవుతుంది.

మీ ఆర్సీ 2026లో పునరుద్ధరణకు వస్తున్నది కనుక ఇది మీకు తక్షణ విషయం. 15 ఏళ్లు దాటిన తరువాత ఐదేళ్లకొకసారి కారును చూపించి ఆర్సీ పొడిగించుకోవాలి. కార్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది, 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000 చేశారు. ఆ తనిఖీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోల్చి చూస్తారు. మీ కారు రిజిస్టరయిన నాటికి గజపతి జిల్లాయే లేదు, అది గంజాం నుంచి విడివడింది 1992 అక్టోబరు 2న. కాబట్టి మీ పాత రికార్డు గంజాం వారి వద్ద మొదలై ఉంటుంది. ఇంజిన్ మీద చేయి వేయకముందే మీ కారు వివరాలు వాహన్ కంప్యూటర్ రికార్డులో ఉన్నాయా, ఇంజిన్ నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నదా చూసుకోండి. తప్పు ఉంటే బ్లాకు మీది నంబరు కళ్లెదుట కనిపిస్తున్నప్పుడే దిద్దించుకోవడం తేలిక.

పరీక్షలలో బోరు పోయినట్లే తేలితే పని ఇలా చేయించండి. ఇంజిన్ విప్పాక బోరును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, అడ్డంగానూ నిలువుగానూ కొలిపించి, లేత్ షాపు వారి చేత ఆ కొలతలను వ్రాయించుకోండి. ఈ ఇంజిన్ అసలు బోరు సుమారు 73 మిల్లీమీటర్లు. ఇంతకు ముందు ఎన్ని సార్లు పెంచారో ఈ కొలత చెబుతుంది. ఇంకా పెంచే వీలుంటే తరువాతి సైజు పిస్టన్లు, లేకపోతే స్లీవులు (బోరులో దించే కొత్త గొట్టాలు) వేయించి మళ్లీ అసలు కొలతకు తేవచ్చు. స్లీవు వేసినంత మాత్రాన ఇంజిన్ నాసిరకం అయిపోదు, సరిగా దిగిన స్లీవు చాలా కాలం మన్నుతుంది. పిస్టన్లు చేతికి వచ్చిన తరువాతే, ఆ పిస్టన్‌ను కొలిచి, దానికి తగిన సందు ఉంచి బోరు కొట్టించాలి. సైజు పేరు చూసి ముందే కొట్టించి, తరువాత దొరికిన పిస్టన్‌ను దూర్చడం వల్లనే రీబోర్ నిలవదన్న పేరు వచ్చింది. క్రాంకును (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును) కూడా కొలిపించి అవసరమైతే గ్రైండింగు చేయించండి. ఈ 1489 ఇంజిన్‌లో క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే ఉంటాయి కనుక అక్కడ అశ్రద్ధ పనికిరాదు. ఆయిల్ పంపును, టైమింగ్ చెయిన్‌ను చూడకుండా ఇంజిన్ మూయనివ్వకండి.

హెడ్ విషయంలో మీ కారు వయసుకు సంబంధించిన ప్రత్యేకమైన మాట ఒకటి ఉన్నది. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. మీ ఇంజిన్ అంతకు ముందుది. ఆ రోజులలో పెట్రోలులోని సీసమే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటును అరగకుండా కాపాడేది. ఇప్పుడు ఆ రక్షణ లేదు కనుక, హెడ్ ఎలాగూ విప్పుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వైపు గట్టి లోహపు సీటు రింగులు వేయించండి. అలాగే ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. అది పాత రబ్బరును ఉబ్బించి, పగిలేటట్లు చేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుని టాంకులో తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను, కార్బురేటర్ గాస్కెట్లను ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయినా, అన్ని దశాబ్దాలు తయారైన కారు కావడం వల్ల ఈ ఇంజిన్ సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. విశాఖలో దొరకనివి కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెదికించవచ్చు. రేడియేటర్‌ను కూడా విప్పించి శుభ్రం చేయించండి, పూడుకుపోయిన రేడియేటర్ వెనుక కొత్త పిస్టన్లు పెట్టడం ఆ డబ్బును పారేసుకోవడమే.

ఇంజిన్ తిరిగి బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బరువు మీద లాగకుండా, ఒకే వేగం మీద గంటల తరబడి నడపకుండా, శ్రీకాకుళం వైపు చదును రోడ్డు మీద తిప్పండి. మోహన ఘాట్‌కు ఆ తరువాతే తీసుకువెళ్లండి. మొదటి ఆయిల్ మార్పును మామూలు గడువు కంటె ముందే చేయించి, హెడ్ బోల్టుల బిగువు మళ్లీ చూపించండి.

ప్రశ్న: గుణుపురంలో చిన్న వ్యాపారం చేసుకుంటున్నాను. నా పాత కారుకు అదే కంపెనీ, అదే సీసీ ఇంజిన్ ఒకటి పొరుగు రాష్ట్రంలో ఒక దుకాణంలో చవకగా దొరుకుతున్నది. తెల్ల కాగితం మీద చీటీ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చునా?
(ఒక పాఠకుడు, గుణుపురం)

సమాధానం: ఆ చీటీతో తీసుకోవద్దు. ప్రతి ఇంజిన్ మీదా ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు ఎప్పుడో ఒక కారు ఆర్సీలో నమోదై ఉంటుంది. ఆ కారు దొంగిలించబడినదైతే, ఆ నంబరుతో పట్టుబడే వాహనం మీదే అవుతుంది. సక్రమంగా తుక్కు చేసిన కారు ఇంజిన్ అయితే దాని వెనుక కాగితాలు ఉండాలి: ఇంజిన్ నంబరు స్పష్టంగా వ్రాసిన జీఎస్టీ బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన కారు ఆర్సీ నకలు, ఆ ఆర్సీ రద్దయినట్లు ఆధారం. ఇవి అడిగితే తప్పించుకునే దుకాణం నుంచి ఎంత చవకకైనా కొనకండి. నంబరు ఉన్న చోట గీతలు, రుద్దిన గుర్తులు, కొత్తగా కొట్టిన అంకెలు కనిపిస్తే ధర కూడా అడగనవసరం లేదు.

కాగితాలన్నీ ఉన్నప్పటికీ డబ్బు కట్టకముందే మీ ఆర్టీవో కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఇంజిన్ బిగించిన తరువాత అడిగేవారి కంటె ముందు అడిగేవారి పని సులువుగా జరుగుతుంది. ఆ ఇంజిన్‌కు కూడా పైన చెప్పిన కంప్రెషన్ పరీక్ష నేల మీదనే చేయించండి. స్టార్టర్‌తో తిప్పి చూపించలేని ఇంజిన్‌ను, చేత్తో తిరుగుతున్నది కదా అని కొనడం మంచిది కాదు.

ప్రశ్న: కోరాపుట్ జిల్లాలో కాఫీ తోట పనులకు 1993 నాటి మహీంద్రా ఎంఎం 540 జీపు వాడుతున్నాను. ప్యూజో డీజిల్ ఇంజిన్. సుంకి ఘాట్‌లో సాలూరు నుంచి బరువుతో పైకి వచ్చేటప్పుడు నల్లని పొగ వస్తూ బాగా నీరసిస్తున్నది. రెండేళ్ల కిందట టైర్లను 31 అంగుళాలవి వేయించాను. టర్బో పెట్టించమని ఒకరు, బొలెరో డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజిన్ వేయించమని మరొకరు అంటున్నారు.
(ఒక పాఠకుడు, కోరాపుట్ జిల్లా)

సమాధానం: మీ లేఖలో జవాబు కూడా ఉన్నది. ఆ జీపుకు కంపెనీ ఇచ్చినవి 6.00-16 టైర్లు. వాటి ఎత్తు 31 అంగుళాలకు బాగా తక్కువ. టైరు ఎత్తు పెరిగితే ప్రతి గేరూ బరువెక్కుతుంది. చక్రం వద్ద మీరు పోగొట్టుకున్న లాగుడు పదో వంతుకు దగ్గరగా ఉంటుంది. మీ ఇంజిన్ 2112 సీసీ, 62 బీహెచ్‌పీ. దానికి పదో వంతు చిన్న విషయం కాదు. ఆపైన కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం శక్తి తగ్గుతుంది. గాలి పలచబడినా పంపు అంతే డీజిల్ పోస్తూ ఉంటుంది కనుక, కాలకుండా మిగిలినది నల్లని పొగగా వెళ్తుంది. సాలూరులో లేని పొగ సుంకి దాటాక కనిపించడానికి కొంత కారణం ఇదే.

కాబట్టి మొదట పాత కొలత టైర్లు వేయించండి. తరువాత ఇంజెక్షన్ పంపును, నాజిళ్లను విప్పించి టెస్ట్ బెంచి మీద సరిచూపించండి. నాజిలు చిమ్మకుండా కారితే ఏ ఎత్తులోనైనా నల్లని పొగే వస్తుంది. ఎయిర్ క్లీనర్ చూడండి, తోటల మట్టి రోడ్ల మీద అది ఎంత త్వరగా నిండిపోతుందో మీకు చెప్పనవసరం లేదు. మరొక సంగతి: ఘాట్‌లో వేడెక్కుతున్నదని చెప్పి చాలా షెడ్లలో థర్మోస్టాట్‌ను (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని వాల్వును) తీసి పారవేస్తారు. దానివల్ల చలికాలపు ఉదయాలలో ఇంజిన్ వేడెక్కవలసినంత వేడెక్కదు, సగం కాలిన ఇంధనం ఆయిల్‌లో కలిసి బోరును అరగదీస్తుంది. మీ జీపులో అది ఉన్నదో లేదో విప్పి చూపించి, లేకపోతే వేయించండి. నిజంగా వేడెక్కుతుంటే లోపం రేడియేటర్‌లోనో, ఫ్యాను బెల్టులోనో, వాటర్ పంపులోనో వెదకాలి.

టర్బో మాట మానుకోండి. ఈ ప్యూజో ఇంజిన్‌లో డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కాక, పక్కనున్న చిన్న గదిలోకి చిమ్ముతారు. అందుకోసం దాని కంప్రెషన్ నిష్పత్తిని 22 దరిదాపులలో ఉంచారు. అంత నొక్కుడు ఉన్న ఇంజిన్‌లోకి టర్బో మరింత గాలిని తోస్తే, ఆ ఒత్తిడిని, వేడిని తట్టుకునేందుకు పిస్టన్లకు అడుగు నుంచి ఆయిల్ చల్లే ఏర్పాటు గాని, దానికి తగిన గాస్కెట్ గాని అందులో లేవు. మొదట కొన్ని వారాలు జీపు ఎగిరినట్లు వెళ్తుంది, తరువాత గాస్కెట్ పోతుంది, లేదా పిస్టన్ పగులుతుంది. డీఐ ఇంజిన్ మంచిదే, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా బాగా లాగుతుంది. కాని అది 2523 సీసీ. పర్లాకిమిడి పాఠకునికి చెప్పిన చట్టమే మీకూ వర్తిస్తుంది. పైగా ఆ ఇంజిన్ అదురుడును మోయడానికి మౌంటింగులు, క్లచ్, గేర్ బాక్సు అన్నీ మారాలి. టైర్లు, పంపు సరిచేయించి ఒక వానాకాలం నడిపిన తరువాత కూడా నీరసంగా ఉంటే, కంప్రెషన్ అంకెలతో సహా మళ్లీ వ్రాయండి.

ప్రశ్న: బరంపురంలో చదువుకుంటున్నాను. మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉన్నది. కార్బురేటర్ ఇంజిన్ తీసి, తరువాతి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ ఆజ్ఞతో ఒక్కొక్క సిలిండర్‌కు విడిగా పెట్రోలు చిమ్మే) ఇంజిన్ వేస్తే మైలేజీ, పికప్ రెండూ పెరుగుతాయని మిత్రులు అంటున్నారు.
(ఒక విద్యార్థి, బరంపురం)

సమాధానం: రెండూ 796 సీసీలే కావడం వల్ల ఇది చిన్న పని అనిపిస్తుంది. కాని ఎంపీఎఫ్ఐ అంటే ఇంజిన్ ఒక్కటే కాదు. టాంకులో కరెంటు పెట్రోలు పంపు, ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సర్లు, పూర్తి వైరింగు అందులో భాగమే. ఒక్క సెన్సర్ తీగ సరిగా కలవకపోయినా కారు రోడ్డు మీద ఆగిపోతుంది, దానిని వెదకగల మెకానిక్ ఆ కారు అసలు వైరింగు ఏదో తెలియక తలపట్టుకుంటాడు. మీకు కావలసిన మైలేజీ, పికప్ చాలా మట్టుకు ఇప్పుడున్న ఇంజిన్‌లోనే ఉన్నాయి. కార్బురేటర్‌ను కొత్త కిట్‌తో శుభ్రం చేయించి, వాల్వు సందులు సరిచేయించి, ఇగ్నిషన్ టైమింగ్ పెట్టించి, తరువాత పొల్యూషన్ కేంద్రంలో కార్బన్ మోనాక్సైడ్ అంకె ఎంత వచ్చిందో చూడండి. ఆ కాలపు కారుకు అనుమతించిన 3 శాతానికి బాగా కింద ఉంటే కార్బురేటర్ పెట్రోలును వృథా చేయడం లేదని మీరే తెలుసుకుంటారు.

ప్రశ్న: జయపురంలో మా తాతగారి 1968 నాటి ఫియట్ 1100 కారు షెడ్డులో ఉన్నది. ఇంజిన్ తిరగడం లేదు. చిన్న డీజిల్ ఇంజిన్ వేయించి నడిపించాలని ఉన్నది.
(ఒక పాఠకురాలు, జయపురం)

సమాధానం: అమ్మా, దయచేసి ఆ పని చేయించకండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోనూ, శరీరంలోనూ, ఇంజిన్‌లోనూ పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉన్న కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే అవకాశాన్ని 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేర్చారు. మీ కారు ఆ వయసు దాటింది. రుసుము రూ.20,000, గడువు పదేళ్లు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి ఆ కారును వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకువెళ్లవచ్చు. డీజిల్ ఇంజిన్ వేసిన రోజున ఈ అర్హత పోతుంది. మీరు రోజూ నడపదలచుకుంటే వేరే కారు చూసుకోవడమే మంచిది.

తిరగని ఇంజిన్‌ను స్టార్టర్‌తో గాని, తోసి గాని బలవంతంగా తిప్పించవద్దు. చాలా కాలం నిలిచిపోయిన ఇంజిన్‌లో రింగులు బోరుకు తుప్పుతో అంటుకుని ఉంటాయి. ప్లగ్గులు తీయించి, ప్రతి సిలిండర్‌లో తుప్పు వదిలించే పలుచని నూనె పోయించి, రోజుకొకసారి మళ్లీ కొద్దిగా పోస్తూ ఒకటి రెండు వారాలు ఉంచండి. ఆ తరువాత కారును నాలుగో గేరులో పెట్టి, వెనుక చక్రం ఒకటి లేపి, దానిని చేత్తో ముందుకు వెనుకకు మెల్లగా ఊపి చూడమనండి. కదిలితే పాత ఆయిల్ తీయించి, వాల్వు మూత తెరిపించి, వాల్వులన్నీ లేచి దిగుతున్నాయో లేదో చూసిన తరువాతే బ్యాటరీ తగిలించాలి. కదలకపోతే హెడ్ విప్పించండి. బ్లాకు మీది నంబరును మాత్రం గీకకుండా, గ్రైండరు తగలకుండా చూసుకోండి.